కొలువు మెట్ల మీద హేవలాక్

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టాం. అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి అప్పటికి రెండు నెలలు. మేముండే ఇంగ్లండ్ ఊరు స్టోక్ చలికి స్వెటర్ మీద శాలువా కప్పుకుని, అట్టపెట్టెలు పేర్చి, పైన తెల్లపంచె పరిచి ఐదు మెట్లూ తనే కట్టింది. పై మెట్ల మీద ఎప్పుడూ ఉండేవే: సీతారాములు, కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కపిడతలు, తల ఊపే తంజావూరు బొమ్మ. కింద రెండు మెట్లకి బొమ్మలు చాలలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నా అద్దాల బీరువా తలుపులు బార్లా తీసి ఉన్నాయి.

పదేళ్ళుగా ఒక్కొక్కటే పోగేసుకున్న విక్టోరియా కాలం పింగాణీ బొమ్మలు ఆ బీరువాలో ఉంటాయి. అమ్మ తనకి నచ్చినవి ఏరి మెట్ల మీదికి చేర్చింది. ఎర్రమచ్చల కుక్కల జత, గొర్రెపిల్లని ఎత్తుకున్న అమ్మాయి, ఎర్రచొక్కా ఇటలీ వీరుడు గారిబాల్డి, ఫిరంగి మీద చెయ్యి ఆనించి నిలబడ్డ నీలం కోటు దొర. "ఏటా ఒక్క కొత్త బొమ్మైనా కొలువులో చేరాలి కదే. ఇవి మనకి కొత్తవేగా" అంది. నేనూ సరే అన్నాను. మెట్లు నిండుగా ఉన్నాయి, ఫొటోలు బాగా వచ్చాయి.

పేరంటానికి పదిహేను మంది దాకా వచ్చారు. వాళ్ళలో ఒకావిడ కొడుకు, పదహారేళ్ళవాడు, శనగలు తింటూ మెట్ల ముందు కూర్చుని బొమ్మల కింద రాసిన పేర్లు చదువుతున్నాడు. నీలం కోటు దగ్గర ఆగి ఫోన్ తీశాడు. కాసేపు చదివి తలెత్తి, "ఆంటీ, ఈ హేవలాక్ లక్నో హేవలాకేనా?" అన్నాడు. అవునన్నాను. "మనవాళ్ళని చంపినవాడు కదా. ఇక్కడ రాముడి కింద ఎందుకు కూర్చోబెట్టారు?" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

గదంతా నిశ్శబ్దమైపోయింది. వాళ్ళమ్మ "ఊరుకోరా" అంది. ఇంకెవరో హారతి పాట అందుకున్నారు. అమ్మ ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళి ఆ బొమ్మని వెనక్కి తిప్పి పెట్టింది. ఆ బొమ్మలకి వెనకవైపు ఏమీ ఉండదు. రంగు లేదు, గీత లేదు, చదునుగా తెల్లగా ఉంటుంది. కొలువు తీసేదాకా అతను అలాగే మాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు.

ఆ రోజు వాడికి నేను జవాబు చెప్పలేకపోయాను. మూడు నెలలుగా అదే ఆలోచన. వాడి ప్రశ్నలో సగం న్యాయమైనదని, మిగతా సగానికి నా దగ్గర జవాబుందని ఇప్పుడు అనుకుంటున్నాను.

వీపు లేని బొమ్మలు

పింగాణీ అని మనం అన్నిటినీ కలిపి అనేస్తాం. సేకరించేవాళ్ళు మాత్రం విడివిడిగా చూస్తారు. టార్చి లైటు వెనకనుంచి పెడితే వెలుతురు కాస్త ఇవతలికి కనిపించేది అసలు పోర్సిలిన్. జర్మనీలో పోస్నెక్ అనే ఊళ్ళో కోంటా అండ్ బోమె కంపెనీ చేసి ఇంగ్లండ్ తిరునాళ్ళకి పంపిన చిన్న చిన్న జంట బొమ్మలు ఆ రకం. మింటన్, కోప్‌లాండ్ లాంటి పెద్ద కంపెనీలు 1840ల్లో మొదలుపెట్టిన పేరియన్ బొమ్మలు పాలరాయిలా మెరుపు లేని తెలుపు. డబ్బున్నవాళ్ళు కొనే శిల్పాలకి అవి చిన్న నకళ్ళు. 1846లో లండన్ ఆర్ట్ యూనియన్ తన లాటరీ బహుమతుల కోసం గిబ్సన్ చెక్కిన నార్సిసస్ శిల్పాన్ని కోప్‌లాండ్ వాళ్ళతో 50 నకళ్ళు చేయించింది.

నావి ఆ కోవలోకి రావు. నావి స్టాఫర్డ్‌షైర్ బొమ్మలు, ఇక్కడే, నేనుండే ఈ ఊళ్ళలోనే, బర్స్‌లెమ్‌లో, లాంగ్టన్‌లో, హాన్లీలో చేసినవి. తెల్లమట్టి మీద మెరుపు పూత. చాలావాటి మీద చేసినవాడి పేరుండదు. ఫైర్‌ప్లేస్ పైనుండే అరమీద గోడకి ఆనించి పెట్టేవి కాబట్టి వెనకవైపు రంగు వెయ్యడం దండగ అనుకున్నారు. అలా చవగ్గా అమ్మగలిగారు. గని కార్మికుడి ఇంట్లో, రైతుకూలీ ఇంట్లో అలంకారం అంటే అదొక్కటే. నాకు వాటి మీద ప్రేమ పుట్టింది అక్కడే. రాజభవనంలోని వస్తువు రాజు గురించి చెబుతుంది. పెన్నీ పెన్నీ లెక్కపెట్టుకుని ఒక కూలివాడి భార్య కొన్న బొమ్మ, ఆ ఇంట్లో ఎవరి పేరు తలుచుకునేవారో చెబుతుంది.

ఈ పనిలో నేను మోసపోయాను కూడా. మొదట్లో ఒక దుకాణంలో కుక్కల జత విక్టోరియా కాలంనాటిదని చెబితే నూట నలభై పౌండ్లు పోసి కొన్నాను. ఇంటికొచ్చి తిరగేస్తే అడుగున బొటనవేలు దూరేంత పెద్ద రంధ్రం. పాతవి అలా చెయ్యరు. మట్టిని రొట్టెలా పరిచి, ప్లాస్టర్ అచ్చు రెండు సగాల్లోకీ వేళ్ళతో నొక్కి, రెండూ అతికిస్తారు. బట్టీలో లోపలి గాలి వేడెక్కి బొమ్మ పగలకుండా పెన్సిల్ మొన పట్టేంత చిన్న చిల్లు ఒకటి వదులుతారు. పెద్ద రంధ్రం ఉంటే జారుమట్టిని అచ్చులో పోసి ఒంపేసినట్టు. అది కొత్త పద్ధతి. ఆ కుక్కల్ని ఇప్పటికీ వంటింట్లో ఉంచాను, చూసినప్పుడల్లా ముందు తిరగేసి చూడాలన్న సంగతి గుర్తొస్తుంది.

హేవలాక్‌ని కూడా ముందు తిరగేసే చూశాను. ఒక ఆదివారం పొద్దున్నే ఊరి బయట కారు బూట్ సేల్‌లో, అంటే జనం ఇంట్లో పాతవి తెచ్చి అమ్ముకునే సంతలో, పాత స్పూన్లూ జిగ్‌సా పజిళ్ళ మధ్య, ఒక పెద్దావిడ టేబుల్ మీద ఉన్నాడు. జానెడు కన్నా కాస్త ఎత్తు. నీలం కోటు ఇంకా మెరుస్తోంది, కోబాల్ట్ రంగు పూత కింద వేస్తారు కాబట్టి చెరగదు. బూట్ల నలుపు మాత్రం పూత మీద వేసింది, పెచ్చులు ఊడిపోయింది. బుగ్గల మీద రెండు గులాబీ చుక్కలు. కనుబొమలు ఒక్కో గీత. మెడ చుట్టూ గోధుమరంగు బంక మరక, ఎప్పుడో తల విరిగితే ఎవరో అతికించారు. ఆవిడ ఎనిమిది పౌండ్లంది. "మా అమ్మమ్మ సోల్జరు. ఎవరో మాకు తెలీదు" అంది.

నాకు తెలుసు.

పాత బ్రిడ్జి

రాజమండ్రిలో పుట్టినవాళ్ళకి ఆ పేరు వినకుండా పెరగడం కుదరదు. గోదావరి మీద మొదటి రైలు వంతెన హేవలాక్ బ్రిడ్జి. 1897లో మొదలుపెట్టి 1900లో తెరిచారు. 56 ఖానాలు, సుమారు 2.7 కిలోమీటర్లు. 1997లో రైళ్ళు ఆపేసేదాకా దాని మీదే కొవ్వూరు దాటేవాళ్ళం. బండి వంతెన ఎక్కగానే చప్పుడు మారేది, అమ్మ నా చేతిలో చిల్లర పెట్టేది, గోదారమ్మకి వెయ్యమని. హేవలాక్ ఒక మనిషని చిన్నప్పుడు నాకు తట్టలేదు. పుష్కరాల రేవులాగా అదీ ఒక స్థలం పేరే అనుకున్నాను.

వంతెనకి పేరిచ్చిన ఆర్థర్ హేవలాక్ అప్పటి మద్రాసు గవర్నరు. బొమ్మలో ఉన్న హెన్రీ హేవలాక్ అతనికి స్వయానా బాబాయి, తండ్రి విలియమ్‌కి తమ్ముడు. 1857 సిపాయిల తిరుగుబాటుని అణచడానికి అలహాబాద్ నుంచి కాన్పూరుకి, అక్కణ్ణుంచి లక్నోకి సైన్యం నడిపించినవాడు. అతనికన్నా ముందు అదే దారిన పోయిన దళం ఊళ్ళు తగలబెట్టి, దొరికినవాళ్ళని చెట్లకి ఉరివేసుకుంటూ వెళ్ళింది. ఆ దళంలో, తర్వాత హేవలాక్ సైన్యంలో, ఉన్న తెల్ల సోల్జర్లలో చాలామంది మద్రాస్ ఫ్యూసిలియర్స్ అనే పటాలం వాళ్ళు. వాళ్ళ కర్నల్ నీల్ కాన్పూరులో ఖైదీల చేత నేలమీది నెత్తురు నాకించి మరీ ఉరితీయించాడు. ఇంకోవైపు, హేవలాక్ కాన్పూరు చేరడానికి రెండురోజుల ముందు అక్కడి బీబీఘర్ అనే ఇంట్లో బందీలుగా ఉన్న సుమారు 200 మంది ఇంగ్లీషు ఆడవాళ్ళని, పిల్లల్ని తిరుగుబాటు పక్షంవాళ్ళు చంపేశారు. నీల్ నాకించిన నెత్తురు వాళ్ళదే. ఆ వార్త ఇంగ్లండ్ చేరాక ఇక్కడ ప్రతి ఇంటా పగ రగిలింది. హేవలాక్ ఆ నవంబరు 24న లక్నోలో విరేచనాలతో చనిపోయాడు. దాంతో అమరవీరుడైపోయాడు.

ఈ ఊరి జనం అతన్ని ఎందుకంత మెచ్చారో నాకు ఇక్కడికొచ్చాకే అర్థమైంది. హేవలాక్ బాప్టిస్టు. శ్రీరాంపూర్ మిషన్ మార్ష్‌మన్‌కి అల్లుడు. సోల్జర్ల చేత బైబిలు చదివించేవాడు. ఈ కుమ్మరి ఊళ్ళు, ఇంగ్లండ్ ప్రభుత్వ చర్చి నుంచి విడిపోయిన మెథడిస్టుల చాపెళ్ళ (ప్రార్థన మందిరాల) ఊళ్ళు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న మౌ కాప్ కొండ మీద 1807లో జరిగిన సభ నుంచే ప్రిమిటివ్ మెథడిజం అనే శాఖ పుట్టింది. దొరల చర్చిని కాదనుకుని చాపెల్‌కి పోయే కూలివాడికి, తనలాగే దొరల చర్చికి చెందని భక్తుడొకడు జనరల్ అవడం ఎంత గొప్పగా తోచిందో ఊహించగలను. అందుకే మెథడిజం మొదలుపెట్టిన వెస్లీ పక్కన అతన్ని పెట్టుకున్నారు. క్రూరత్వం మీద మోజుతో కొన్న బొమ్మ కాదది, భక్తితో కొన్నది. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. మనల్ని అణచడానికి వచ్చినవాణ్ణి మంచివాళ్ళు, పేదవాళ్ళు, రోజూ ప్రార్థన చేసుకునేవాళ్ళు ప్రేమించారు. ఏ చరిత్ర పుస్తకం చదివినా నాకు ఇంత గట్టిగా తగల్లేదు.

ట్రఫాల్గర్ స్క్వేర్‌లో కూడా హేవలాక్ విగ్రహం ఉంది. 2000లో లండన్ మేయరు లివింగ్‌స్టన్ ఆ మనిషెవరో తనకే తెలియదని, తీసేద్దామని అన్నాడు. ఇక్కడివాళ్ళు మర్చిపోయారు. అమ్మమ్మ సోల్జరుని ఎనిమిది పౌండ్లకి అమ్మిన పెద్దావిడా మర్చిపోయింది. నేనూ పారేస్తే గుర్తుపెట్టుకునేది ఎవరు? అబ్బాయికి నా జవాబులో మొదటి ముక్క ఇది. ఆ బొమ్మ నా దగ్గర ఉండాలి. దానికి నేను పెట్టే చోటు పూజాస్థానం కాకపోతే చాలు.

గౌరవించడం, ఉంచుకోవడం

అమ్మతో దీని మీద రెండు రాత్రులు వాదన అయింది. అమ్మ పక్షం నేననుకున్నది కాదు. "తిప్పి పెట్టింది వాడు బాధపడుతున్నాడని. తప్పని కాదు. రావణుడు లేకుండా రామాయణం సెట్టు ఉందా? నరసింహస్వామి ఒళ్ళో హిరణ్యకశిపుడు లేడా?" అంది.

నాకు సమాధానం దొరకడానికి సమయం పట్టింది. హిరణ్యకశిపుడు ఒళ్ళో పేగులు బయటపడి ఉన్నాడు. రావణుడికి ఎదురుగా రాముడు బాణం ఎక్కుపెట్టి ఉన్నాడు. కథ అక్కడే, బొమ్మలోనే ఉంది. హేవలాక్ ఒంటరిగా, బుగ్గలు గులాబీగా, ఫిరంగి పక్కన ధీరుడిలా నిలబడ్డాడు. అతని ఎదుట ఎవరూ లేరు. కొలువు అంటే సభ. సభలో కథ చెప్పకుండా కూర్చోబెడితే అది మర్యాదే అవుతుంది. ఈ విషయంలో అబ్బాయిదే న్యాయం. అతన్ని మెట్ల మీద పెట్టనివ్వడం నా తప్పు.

ఉంచుకోవడం మాత్రం వేరు. నీల్ విగ్రహం మద్రాసు మౌంట్ రోడ్డు మీద ఉండేది. దాన్ని తీసెయ్యాలని 1927లో సత్యాగ్రహం చేసి ఎంతోమంది జైలుకెళ్ళారు. 1937లో రాజాజీ ప్రభుత్వం దాన్ని తీయించింది. పగలగొట్టలేదు, ఎగ్మూరు మ్యూజియంకి పంపింది. జైలుకెళ్ళినవాళ్ళ కష్టాన్ని తలుచుకుంటే పగలగొట్టినా ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదేమో. అయినా రోడ్డు మీద నిలబెట్టడానికీ, దాచిపెట్టడానికీ తేడా వాళ్ళకి తెలుసు. నాకు బీరువా ఉంది, మెట్లున్నాయి. ఆ తేడా నేనూ పాటించాలి.

ఇక్కడ నా వాదనకే అడ్డం వచ్చే బొమ్మ ఒకటి నా దగ్గరుంది. అరమీద పెట్టారంటే ప్రేమించినట్టే అన్నట్టుగా పైన రాశాను. మరి పామర్ హౌస్ సంగతి? రుజ్‌లీ అనే ఊరు ఇక్కడికి దగ్గరే. అక్కడి డాక్టరు విలియమ్ పామర్ స్నేహితుడికి విషం పెట్టాడని 1856లో స్టాఫర్డ్ జైలు ముందు ఉరితీశారు. వెంటనే అతని ఇంటిని బొమ్మగా చేసి అమ్మారు. నాదానికి గోడలు తెలుపు, తలుపు చుట్టూ పాకిన తీగలు, చూస్తే పిల్లల కథలో ఇల్లులా ఉంటుంది. అది ప్రేమతో కొన్నది కాదు కదా. పులి నోట్లో తలపెట్టిన ఇంగ్లీషువాడి బొమ్మ కూడా చేశారు. 1792లో సాగర్ దీవిలో పులికి బలైన మన్రో అనే కుర్ర అధికారి అతను. టిప్పు సుల్తాను పులి, తెల్లవాడి మీద పడ్డ పులి కొయ్యబొమ్మ, మనకి తెలిసిందే. ఇప్పుడు అది లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మన్రో చావుని మాత్రం ఇంగ్లండ్ కుమ్మరులే బొమ్మగా చేసి తమవాళ్ళకే అమ్ముకున్నారు. అంటే అరమీద పెట్టేవన్నీ ఆరాధన కోసం కాదు. భయం, కుతూహలం, ఊళ్ళో అందరూ మాట్లాడుకుంటున్న వార్త, అన్నీ అక్కడికే చేరాయి. హేవలాక్‌ని కూడా కొందరు వార్తగానే కొని ఉండొచ్చు. ఆ పెద్దావిడ అమ్మమ్మ సంగతి నాకు తెలియదు. కాని తల విరిగాక అతికించారే, ఆ బంక మరక చూస్తే వార్త కోసం కాదనిపిస్తుంది. పాత వార్తని ఎవరూ అతికించుకోరు.

ఇంకో ప్రశ్న నన్ను నేనే వేసుకున్నాను. ఇదంతా సేకరించేవాళ్ళ ఆశకి చెప్పుకునే సాకు కాదు కదా? పరీక్షగా, రేపు నీల్ బొమ్మ ఒకటి ఎదురైతే కొంటానా అని ఆలోచించాను. హేవలాక్‌ని కొన్నప్పుడు నాలో సంతోషం ఉంది, మా ఊరి పేరు దొరికినట్టు. అది నిజం, దాచను. నీల్ అనుకోగానే ఆ సంతోషం రాలేదు. కడుపులో తిప్పింది. అయినా కొంటాను. కాని మా హాల్లో, నా కొడుకు హోంవర్క్ చేసుకునే చోట, పెట్టలేను. డబ్బా కట్టి పైన పెడతాను. అలాంటప్పుడు హేవలాక్‌ని హాల్లో ఎలా ఉంచాను? పద్ధతి గలవాడు కాబట్టా, రంగు బావుంది కాబట్టా? దీనికి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు. రంగు బావుండటం కొంత కారణమే అనుకుంటున్నాను, అది సరిపడే కారణం కాదు.

వేళ్ళ గుర్తులు

ఒక్క విషయం చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. అమ్మ తిప్పి పెట్టినప్పుడు రెండు మూడు రోజులు నేను ఆ వీపే చూశాను. పదేళ్ళలో అంతసేపు ఎప్పుడూ చూడలేదు. కుడి భుజం కింద, పూత అడుగున, ఒక సన్నటి గుంట ఉంది. నా చూపుడువేలు అందులో పట్టదు, చిటికెనవేలు కూడా అంచుల్ని తాకుతుంది. మట్టి పచ్చిగా ఉన్నప్పుడు నొక్కిన వేలి గుర్తు. పెద్దవాళ్ళదే కావచ్చు. కాని ఈ పనిలో పిల్లలు కూడా చాలామంది ఉండేవారు. 1841లో స్క్రివెన్ అనే అధికారి ఈ ఊళ్ళ వర్క్‌షాపులు తిరిగి పిల్లల మాటల్ని వాళ్ళ నోటితోనే రాసుకున్నాడు. పదేళ్ళు నిండనివాళ్ళు కూడా రోజంతా అచ్చులు మోశారు, మట్టి నొక్కారు. పూత ముంచేవాళ్ళకి సీసం ఒంటికెక్కి చేతులు పడిపోయేవి. ఫ్యాక్టరీ చట్టం ఈ పనికి వర్తించింది 1864లో, అంటే హేవలాక్ చనిపోయాక ఏడేళ్ళకి. నా బొమ్మ ఆ లోపల చేసిందే కావచ్చు.

లక్నో ఎక్కడుందో తెలియని ఒక పిల్లవాడు కూలి కోసం నొక్కిన మట్టి, లక్నో మీదికి వెళ్ళినవాడి కోటు అయింది. హేవలాక్ మీద నాకున్న కోపం ఆ గుంట దగ్గరికి వచ్చేసరికి నిలవదు. బొమ్మని పారెయ్యలేకపోవడానికి చరిత్రకన్నా ఎక్కువగా అదే కారణం.

ఉగాది తర్వాత అబ్బాయి వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఇదంతా వాడికి చెప్పాను, ఇంత పొడుగ్గా కాదు. మెట్ల మీద పెట్టడం తప్పేనని ఒప్పుకున్నాను. బీరువాలో ఇప్పుడు హేవలాక్ పక్కన చిన్న అట్టముక్క ఉంది. 1857, కాన్పూరు, లక్నో, రాజమండ్రి బ్రిడ్జి, బొమ్మ చేసిన ఊరు, నా చేతిరాతతో. వాడు అది చదివి, "అట్టముక్క బీరువా తెరిస్తేనే కనిపిస్తుంది, బొమ్మ బయటికే కనిపిస్తుంది ఆంటీ" అన్నాడు. వాడికింకా నమ్మకం కుదరలేదు. మ్యూజియంకి ఇచ్చెయ్యొచ్చుగా అన్నాడు. హాన్లీలో మన మ్యూజియంలో గోర్డన్ పగ్ అనే నేవీ డాక్టరు సేకరించిన ఇలాంటి బొమ్మలు చాలా ఉన్నాయని, అక్కడ ఇంకొకటి చేరితే కింద గోడౌన్‌లోకి పోతుందని చెప్పాను. అదీ సాకేనన్నట్టు చూశాడు.

వెళ్ళేముందు ఒకసారి పట్టుకోవచ్చా అని అడిగాడు. మెడ దగ్గర పట్టుకోవద్దు, అక్కడ బంక ఉంది, అడుగున చెయ్యి పెట్టమని చెప్పి ఇచ్చాను. వాడు ముందువైపు చూడలేదు. వెనక్కి తిప్పి, నేను చెప్పకుండానే ఆ గుంట వెతికి, చిటికెనవేలు పెట్టి చూశాడు.